అటకెక్కిన స్టూలు

ఆ ఇల్లాలికి మొగుడితో వచ్చిన చిక్కల్లా ఒకటే. ఆయనకి పుస్తకాలంటే మహా గౌరవం. ఆమె చేతిలో ఒకటి కనబడితే చాలు, ఎక్కడ నలిగిపోతుందోనని వెంటనే ఓ పని పురమాయించి దాన్ని పక్కన పెట్టించేస్తాడు.

అయినా మూడేళ్లుగా ఆమె కార్మిక సంబంధాల డిగ్రీ కోర్సు చదువుతూనే ఉంది. కూర ఉడికేలోగా నాలుగు పేరాలు, డబ్బాల అరకి పుస్తకం ఆనించి, నిలబడే. కాపురానికొచ్చిన కొత్తలో వంటింట్లో ఓ స్టూలుండేది. "కూర్చుంటే చెయ్యి ఆడదమ్మా" అంటూ అత్తగారు దాన్ని అటకెక్కించింది. పధ్నాలుగేళ్లయింది. మడమలు నొప్పంటే, "ఇంట్లో ఉండేదానికి నొప్పులేమిటే" అని తల్లీకొడుకులు నవ్వుకున్నారు.

కోర్సు పూర్తయితేనే లా కాలేజీలో సీటు. ఇక మిగిలింది ప్రాజెక్టు రిపోర్టు ఒక్కటే, రేపు పొద్దున్నే ఇవ్వాలి. ఆమె రాసింది మొగుడు మేనేజరుగా ఉన్న బిస్కెట్ల ఫ్యాక్టరీ మీద. అక్కడ ప్యాకింగు చేసే ఆడవాళ్లకి ఒకప్పుడు బెంచీలుండేవి. తీయించేసింది ఆయనే. పన్నెండో పేజీలో ఆ సంగతే ఉంది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఆయన కంటపడింది ఆ పేజీయే.

"ఇది చించెయ్," అన్నాడు, కంచం ముందుకు జరుపుతూ.

"అది లేకపోతే రిపోర్టే లేదండీ."

"మొగుణ్ణి బజారుకీడ్చడానికా నీ లా చదువు? కూర్చోబెడితే వాళ్లకి కబుర్లే. చెయ్యి ఆడదు."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తన కాళ్ల సంగతి తనకి తప్ప ఈ ఇంట్లో అందరికీ తెలుసు. పుస్తకంలో యాజమాన్యం అన్న మాట వచ్చిన ప్రతిసారీ తనకి ఈ భోజనాల బల్లే కళ్లకి కట్టేది. ఆ ప్యాకింగు వాళ్లకి సాయంత్రం గంటైనా కొడతారు. తను ఒక్క నిమిషం ఆగితే, ఏమొచ్చింది నీకు అంటారు. ఇన్నేళ్లుగా గరిటె పట్టుకుని ఈ కుర్చీ వెనకే నిలబడి, ఈ మనిషి నడినెత్తి పలచబడడం వెంట్రుక వెంట్రుకా చూసింది.

గరిటె బల్లమీద పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. తన కంచంలో తనే వడ్డించుకుంది.

"చించను. కూర కావాలంటే గిన్నె మీ పక్కనే ఉంది."

"చూశావా అమ్మా దీని వరస?"

కొడుకు తిన్నాక తిందామని గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉంది అత్తగారు, వాచిన పాదాలు మార్చి మార్చి మోపుకుంటూ. కోడలి వైపు కాదు, కొడుకు వైపే చూసింది.

"బెంచీలు తీసేస్తే వాళ్లేమీ అనలేదట్రా?"

"ఏమంటారు? కాళ్లు నొప్పులన్నారు. నవ్వేసి ఊరుకున్నాం."

ఆవిడ వంగి తన పాదాలకేసి చూసుకుంది. తర్వాత మెల్లిగా వచ్చి కోడలి పక్కన కూర్చుంది.

"తిన్నాక అటకమీది స్టూలు దించరా," అంది. కోడలి వైపు తిరిగింది. "ఆ పేజీ చించకమ్మా. చెయ్యి ఆడదని వాడికి నేర్పింది నేనే, నవ్వడం నేర్పిందీ నేనే. తప్పు చేశాను."