ఎండలో వచ్చిన వరద

ఆకాశంలో మబ్బు తునక లేదు. అయినా కొలతలమ్మ ఏటి మీదనుంచి చూపు తిప్పడం లేదు.

ఏటి ఒడ్డున పాతిన కొలబద్ద చూసి, నీళ్లు ఎన్ని అడుగులున్నాయో గంటగంటకూ పై ఆఫీసుకు ఫోన్లో చెప్పడం ఆమె ఉద్యోగం. పదకొండేళ్లుగా అదే పని కాబట్టి ఊరంతా ఆమెను కొలతలమ్మ అనే పిలుస్తుంది. ఉదయం తొమ్మిదింటికి మూడడుగులున్న నీళ్లు పదింటికి ఐదడుగులయ్యాయి. నురగ, పచ్చికొమ్మలు కొట్టుకొస్తున్నాయి. వాటి వెనకే తాళం వేసిన తలుపొకటి, గుమ్మంతో సహా, తేలుతూ పోయింది.

ఎక్కడో రెండు రోజుల దూరాన, కొండల్లో కురిసిన వాన ఇది. ఎగువ కొలతల మనిషికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. ఆఫీసుకు చేస్తే గుమాస్తా, "ఆర్డరు వచ్చేదాకా ఎవర్నీ కంగారు పెట్టకండి" అన్నాడు.

ఏటి నడుమ లంకలో ఆమె చెల్లెలి కాపురం. అక్కడ మూడే ఇళ్లు, ఫోన్లు పలకవు. ఆమె రేవుకు పరుగెత్తి, లంకకు తీసుకెళ్లమని పడవవాణ్ని అడిగింది.

"చుక్క వాన లేదు, వరదేంటమ్మా?" అన్నాడు పడవవాడు.

"నువ్వు రాకపోతే తెడ్డు నాకియ్యి. నేనే పోతా."

ఈత రాని మనిషి ఆ మాట అనేసరికి అతను ఆమెను ఎగాదిగా చూశాడు. "తెడ్డు మీకిస్తే వరదకంటే ముందే మునుగుతాం. ఎక్కండి."

లంకలో చెల్లెలి అత్తగారు వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. కొలతలమ్మ చెప్పింది విని పకపకా నవ్వింది. "ఇంత ఎండలో వరదా? వస్తే నా చెవి కోసిస్తా, అమ్మాయ్!"

"అత్తయ్యగారూ, మీ కాళ్లు పట్టుకుంటా, బయల్దేరండి!"

ఈ గొడవ నడుస్తుండగానే నీళ్లు ఇంటి వెనకనుంచి వచ్చాయి. చప్పుడు లేదు. మిరపకాయల చాప మెల్లగా పైకి లేచింది. ఎర్రగా వాకిలంతా పరుచుకున్నాయి కాయలు. ముసలమ్మ చెంగు దోపుకుని పడవ వైపు పరుగెత్తింది.

మూడిళ్లవాళ్లనూ ఎక్కించేసరికి పడవ అంచు నీళ్లకు జానెడు ఎత్తున మిగిలింది. మరిది, చెల్లెలి మొగుడు, ఎక్కలేదు. "మీరు పదండి, వదినా. గేదెలు కట్టేసి ఉన్నాయి, విప్పొస్తా."

"నువ్వూ రా!" అని చెల్లెలు అరిచింది. అతను అప్పటికే మోకాలి లోతు నీళ్లలో పాక వైపు పరుగెత్తుతున్నాడు.

నడి ఏట్లో పడవ గిరగిరా తిరిగింది. కొలతలమ్మ కళ్లు గట్టిగా మూసుకుని చేతికందిన గిన్నెతో నీళ్లు తోడుతూనే ఉంది. ఒడ్డు తగిలాక కూడా ఆమె చేయి తోడుతుంటే చెల్లెలు ఆ గిన్నె లాక్కుంది.

పడవవాడు మళ్లీ బయల్దేరాడు. ప్రవాహం అతన్ని రెండుసార్లు ఒడ్డుకు విసిరికొట్టింది. మధ్యాహ్నానికి లంక మీద ఒక్క ఇంటి కప్పూ కనిపించలేదు. చెల్లెలు ఏడవలేదు. అత్తగారి చెయ్యి పట్టుకుని నీళ్లకేసి చూస్తూ కూర్చుంది. కొలతలమ్మకు ఆమె మొహం చూసే ధైర్యం చాలలేదు. మరిది చెయ్యి పట్టి లాగి ఉంటే? ఇంకో గంట ముందే కదిలి ఉంటే? ఆఫీసునుంచి అప్పుడు ఫోనొచ్చింది, అందర్నీ ఖాళీ చేయించమని. ఆమె మధ్యలోనే పెట్టేసింది.

పొద్దు వాలుతుండగా ఎవరో పరుగెత్తుకొచ్చారు. రెండు మైళ్ల దిగువన, ఏరు మలుపు తిరిగేచోట, ఒక గేదె ఒడ్డెక్కిందట. దాని తోక పట్టుకుని ఒక మనిషి ఉన్నాడట.

వాళ్లు వెళ్లేసరికి మరిది బురదలో బోర్లా పడి ఉన్నాడు. ఊపిరాడుతోంది. గేదె కదలకుండా నిలబడి ఉంది, అతను తోక వదలలేదు మరి.

"వచ్చేశాంగా, ఇక వదిలెయ్యి" అంది చెల్లెలు.

"రావట్లేదే" అన్నాడతను, వణుకుతూ. "వేళ్లు రావట్లేదు."

ఆమె పక్కన కూలబడి, కొయ్యబారిన ఆ వేళ్లను ఒక్కొక్కటే విప్పుతూ, అప్పుడు ఏడ్చింది.