పై పన్ను

సాయంత్రం ఫోన్ మోగింది. నవనీత ఎత్తలేదు.

రోజూ ఆ వేళకు మదనపల్లె నుంచి అన్న మునికుమార్ వీడియో కాల్ చేస్తాడు. అమ్మానాన్న పోయాక పుట్టింటి వైపు మిగిలిన గొంతు అదొక్కటే. భర్త మధుసూదన్ కుప్పంలో గ్రానైట్ ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆదివారం వస్తాడు, సోమవారం పోతాడు. మిగతా రోజులు పుంగనూరులోని ఈ అద్దె గదిలో నవనీత, ఏడు నెలల పాప, అంతే.

పాప కొన్నాళ్ళుగా చొల్లు కారుస్తోంది. గడ్డం కింద ఎర్రగా కందింది. దొరికిందల్లా నోట్లో పెట్టుకుని నములుతోంది. పాలిస్తే కొరికి ఏడుస్తోంది. ఇంటావిడ అన్నపూర్ణమ్మ పొద్దున వాకిట్లో నిలబడే తేల్చేసింది.

"పండ్లు వస్తాండాయిలేమ్మా. వేలు శుభ్రంగా కడుక్కోని సిగుళ్ళు మెల్లగా రుద్దు. ఒళ్ళు కాలితే మాత్రం పండ్లకేలే అని కూసోవద్దు, ఆస్పత్రికి పో."

ఒళ్ళు కాలడం లేదు. నవనీత చేతులు కడుక్కుని వేలు పెట్టి చూసింది. కింది చిగురు మెత్తగా ఉంది. పైది ఉబ్బి ఉంది, మధ్యలో తెల్లటి మొన.

భయం అక్కడ మొదలైంది.

పై పన్ను ముందొస్తే మేనమామకు గండమంటారు. నవనీత నమ్మదు. వదిన గీత నమ్ముతుంది. అన్న స్కూటర్ మీద నుంచి పడి చెయ్యి విరిగినప్పుడు, ఆవిడ జాతకం చూపించని జ్యోతిష్కుడు లేడు. ఈ సంగతి తెలిస్తే ఆ ఒక్క ఫోనూ ఆగిపోతుంది.

మళ్ళీ మోగింది. ఈసారి ఎత్తి, కెమెరా తన మొహానికే పెట్టుకుంది.

"పాప యాడమ్మే?"

"నిద్రపోతాండాదన్నా."

ఒళ్ళో పాప గట్టిగా ఏడ్చింది.

"నిద్రలో ఇంత గొంతా? నామీద కోపమా నీకు?"

"యాల కోపం? ఏం లేదన్నా."

నవనీత చల్లటి నీళ్ళలో తడిపి పిండిన గుడ్డను పాపకు అందించబోయింది. మామ గొంతు విన్న పాప గుడ్డను వదిలేసి ఫోన్ లాక్కుంది. నేరుగా నోట్లోకి. తెర నిండా చిగుళ్ళు. పైన తెల్లటి మొన.

అటువైపు మునికుమార్ నవ్వబోయి ఆగాడు. వెనక నుంచి గీత గొంతు వినిపించింది. "పైన గదా అది? పెట్టేయ్ ఫోను!"

కాల్ కట్టయింది.

మరుసటి సాయంత్రం మోగలేదు. ఆ తర్వాతి సాయంత్రమూ అంతే. పాప తడి గుడ్డ నములుతూ కాస్త తేరుకుంది. నవనీత మాత్రం చార్జింగ్ ఉందో లేదో చూసుకుంటూ గడిపింది.

మూడో రోజు మధ్యాహ్నం మోగింది.

"బస్టాండులో దిగినా. మీ ఇల్లు యాడుండాది?"

అప్పుడు తట్టింది ఆమెకు. రోజూ మాట్లాడే అన్న ఒక్కసారీ ఈ గదికి రాలేదు.

మునికుమార్ చేతులు కడుక్కుని పాపను ఎత్తుకున్నాడు. పాప అతని వేలు పట్టుకుని కొరికింది.

"అబ్బా! ఆ గండమేదో ఇదేనేమో!"

నవనీత పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"వదినకు చెప్పి వచ్చినావా?"

"పలమనేరు పోతాండానని చెప్పినా." అతను తల వంచుకున్నాడు. "ఇంట్లో ఉండి ఫోన్ చేయలేనమ్మా. బయట ఉన్నప్పుడు చేస్తా. ఎప్పుడనేది చెప్పలేను."

"సరేలే అన్నా."

చీకటి పడకముందే బస్సెక్కాడు. గదిలో మళ్ళీ ఇద్దరే. పాప ఫోన్ కోసం చేతులు చాచింది. నవనీత తడి గుడ్డ అందించి, ఫోన్‌కు అంటిన చొల్లు తుడిచి కిటికీలో పెట్టింది.

సిగ్నల్ అక్కడే బాగా వస్తుంది.