పదిహేనో సంగతి

రాగి సంగటి కెలుకుతున్నాను. కట్టెను రెండు చేతులా పట్టుకుని, గిన్నె తిరిగిపోకుండా కింద మసిగుడ్డ దోపి, ఆవిరికి ముఖం పక్కకు తిప్పుకుని కెలుకుతుంటే మేడ మీద నుంచి మా ఆయన రాఘవేంద్ర కేక వేశాడు.

"వనజా! సౌండ్ రాలే. బిన్నా రా."

సంగటి సగంలో వదిలేస్తే ఉండలు కడుతుంది. ఆ సంగతి ఆయనకు తెలియదు. మా అత్త సుమిత్రమ్మకు తెలుసు. అయినా, "పో మే, వాడు పిలుస్తాండాడు గదా" అని తరుముతుంది. మళ్ళీ కంచంలో ఉండ కనిపిస్తే, "పెండ్లయి పన్నెండేండ్లాయ, సంగటి కెలికేది కూడా రాలేదు ఈమెకు" అని ఆవిడే అంటుంది.

చేతులు కొంగుకు తుడుచుకుంటూ మెట్లెక్కాను. మేడ మీద గదే రాఘవేంద్ర డిజిటల్ స్టూడియో. సోఫాలో జయరాజు కూర్చుని ఉన్నాడు. జానపద పాటలకు వీడియోలు తీసి తన చానల్లో పెట్టుకునే మనిషి. పక్కన నేల మీద ఓబమ్మ. శింగనమల నుంచి పొద్దున బస్సుకు వచ్చింది. శెనక్కాయ చేలల్లో కలుపు తీస్తూ పాడుకునే పాటలు ఆమెకు లెక్కలేనన్ని వచ్చు. సోఫాలో చోటున్నా ఆమెను ఎవరూ అక్కడ కూర్చోమనలేదు.

మా ఆయన స్పీకర్ వెనక తలపెట్టి వైర్లు పీకి మళ్ళీ పెడుతున్నాడు. నేను స్క్రీన్ వైపు చూశాను. పాట నడుస్తోంది, శబ్దం ఎంతుందో చూపే మీటర్ల పచ్చగీతలు లేచి పడుతున్నాయి. మీటర్లు కదలకపోతే తప్పు పాటలోనే ఉన్నట్టు. అవి ఆడుతున్నాయంటే పాట బాగానే ఉంది, బయటికి వచ్చే దారే తప్పింది. ఆరేళ్ళుగా నేను మొట్టమొదట చూసేది అదే. సెట్టింగుల్లోకి వెళ్ళాను. శబ్దం మా రికార్డింగ్ పెట్టెకు పోకుండా, ఎప్పుడూ సౌండ్ తగ్గించి ఉండే మానిటర్ సొంత స్పీకర్‌కు పోతోంది. మార్చాను. అర నిమిషం పని. ఓబమ్మ గొంతు గది నిండా లేచింది. *యాడికి పోతివే మబ్బా, మా చేనునడగకుండా.*

మా ఆయన వైర్ వదిలి లేచాడు. "నేను చెప్పలా జయరాజన్నా, కేబుల్ లూజయిందని? మా యామె కదిలిచ్చింది, కుదురుకునింది."

నేను కేబుల్ ముట్టుకోనే లేదు. ఓబమ్మ నా చేతుల వైపు చూసింది, నా ముఖం వైపు చూసింది. "టీ పెట్టుకురా" అన్నాడు మా ఆయన. కిందికి వచ్చేసరికి సంగటి ఉండలు కట్టింది.

ఆయనకు పాటలంటే ఇష్టం ఉన్న మాట నిజం. ఆరేళ్ళ కిందట కంప్యూటరు, మైకులు కొన్నాడు, బోర్డు రాయించాడు. నెల తిరక్కుండానే ఆ సాఫ్ట్‌వేర్ ముందు కూర్చోవడం ఆయన వల్ల కాలేదు. నేను బి.ఎస్సీ కంప్యూటర్స్ చదివినదాన్ని. మధ్యాహ్నం ఆయన తిని పడుకున్నాక, అత్త టీవీ ముందు కూర్చున్నాక, పైకి పోయి తలుపేసుకుని నేర్చుకున్నాను. గాలికి ఎర్రదుమ్ము కిటికీ సందుల్లోంచి వచ్చి మీటల మీద పేరుకునేది. మొదట దుమ్ము తుడవడానికే పోతున్నానని అందరూ అనుకున్నారు. తర్వాత ఒక పాట సరిచేశాను, తర్వాత పది. ఏడాది తిరిగేసరికి ఆ గదిలోంచి బయటికి పోయే ప్రతి పాటకూ మిక్సింగ్ నాదే. వచ్చినవాళ్ళను పలకరించడం ఆయన పని. పేరు వేసుకోవడం కూడా. ఓబమ్మ పాట వీడియో వచ్చినప్పుడు కింద అక్షరాలు చదివాను. రచన, స్వరం, మిక్సింగ్: రాఘవేంద్ర. ఓబమ్మ పేరు ఎక్కడుందని అడిగితే, "ఆమెకు చదువొస్తాదా, చూసుకుంటాదా?" అని నవ్వాడు.

ఆ వీడియో బాగా నడిచింది. ఊళ్ళో కేబుల్ చానల్ వాళ్ళు వచ్చి మా ఆయనను ఇంటర్వ్యూ చేశారు. నేను టీ కప్పులు పట్టుకుని తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. మైకు పట్టుకున్న అమ్మాయి, "మీ స్టూడియో పనిలో మేడమ్ గారి సాయం ఏమన్నా ఉందా సార్?" అని అడిగింది.

"మా యామెనా?" అన్నాడు మా ఆయన నవ్వుతూ. "మిక్సింగ్ అంటే ఆమెకు వంటింట్లో మిక్సీ ఒకటే తెలుసు."

అందరూ నవ్వారు. కెమెరా నా వైపు తిరిగింది. నేనూ నవ్వాను. అదే నన్ను ఎక్కువ రోజులు కాల్చింది. ఆయన అన్న మాట కన్నా, చేతిలో ట్రే పట్టుకుని నేను నవ్విన నవ్వు. అత్త ఆ ముక్కను నాలుగుసార్లు పెట్టించుకుని చూసింది. కూరగాయల బండి దగ్గర ఎదురింటావిడ, "ఏమ్మా మిక్సీ, బాగుండావా?" అంది. ఇంటికొచ్చి, చెవులకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆయనే పాడిన పాటను శుభ్రం చేస్తూ కూర్చున్నాను. ఆయన తప్పిన శ్రుతిని ఒక్కొక్క అక్షరం దగ్గరా సరిచేస్తూ, ఈ మనిషి ఒక్కరోజు నేను లేకుండా నలుగురి ముందు నిలబడితే ఎలా ఉంటుందో చూడాలని మొదటిసారి అనుకున్నాను. అనుకున్నాక ఆ కోరిక నన్ను వదల్లేదు. అన్నం వారుస్తున్నా అదే, బట్టలు ఆరేస్తున్నా అదే.

ఆ ఇంటర్వ్యూ చూసి ఊరి బయట ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు పిలిచారు. పిల్లలకు రికార్డింగ్ మీద ఒక క్లాసు చెప్పాలట. మా ఆయన ఎగిరి గంతేశాడు. సాయంత్రం వంటింట్లోకి వచ్చి, "సౌండ్ రాకుంటే ఏమేం చూడాల్నో వరసగా రాసియ్యి. నేను చూసి చెప్తా" అన్నాడు.

స్టవ్ పక్కన నిలబడి రాశాను. మొదటిది, మీటర్లు ఆడుతున్నాయా లేదా. రెండోది, ట్రాక్ నోరు నొక్కి, అంటే మ్యూట్ చేసి ఉందా. మూడోది, వేరే ట్రాక్ ఒక్కటే వినిపించేలా మీట పడి ఉందా. అలా పద్నాలుగు రాశాను. పదిహేనోది ఒకటుంది. ల్యాప్‌టాప్‌కు ప్రొజెక్టర్ వైరు తగిలిస్తే, కంప్యూటర్ తనంతట తానే శబ్దాన్ని ప్రొజెక్టర్‌కు పంపేస్తుంది. దానికి స్పీకర్ ఉండదు. హాలులో ఎన్ని స్పీకర్లున్నా ఒక్క ముక్క వినబడదు. మా ఆడపడుచు పెండ్లిలో ఫోటోల వీడియో పెట్టినప్పుడు అలాగే అయితే నేనే సరిచేశాను. కాలేజీలో తప్పకుండా ప్రొజెక్టర్ ఉంటుంది. తప్పకుండా అలాగే అవుతుంది.

మరిచిపోయానని చెప్పుకుంటే బాగుండేది. మరిచిపోలేదు. పదిహేను అని అంకె వేసి, ఆ అంకెను కొట్టేసి, కాగితం మడిచి ఆయనకిచ్చాను.

క్లాసు రోజు నన్ను కూడా రమ్మన్నాడు, ల్యాప్‌టాప్ బ్యాగు పట్టుకోవడానికి. "వెనకాల కూర్చో. ఎవరన్నా ఏమన్నా అడిగితే నాకు తెలీదని చెప్పు" అన్నాడు. హాలు నిండా పిల్లలున్నారు. డిపార్ట్‌మెంట్ హెడ్ ఈశ్వరి మేడమ్ మా ఆయనకు శాలువా కప్పింది, చొక్కాకు చిన్న మైకు తగిలించింది. ఆ మైకు హాలు స్పీకర్లకు విడిగా కలిపి ఉంది. ఆయన గొంతు గంభీరంగా మోగింది. తన కష్టం గురించి, తన చెవి గురించి అరగంట చెప్పాడు. తర్వాత ప్రొజెక్టర్ వైరు తగిలించి ఓబమ్మ పాట పెట్టాడు.

తెర మీద మీటర్లు లేచి పడుతున్నాయి. శబ్దం లేదు.

"టెక్నికల్ ప్రాబ్లమ్. ఇది కూడా మీకు పాఠమే" అని నవ్వాడు. జేబులోంచి నా కాగితం తీశాడు. ఒకటి చూశాడు, రెండు చూశాడు. పద్నాలుగూ అయిపోయాయి. కాగితం తిప్పి వెనక వైపు చూశాడు. అక్కడ ఏమీ లేదు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. పిల్లలు గుసగుసలు మొదలుపెట్టారు. అలవాటు కొద్దీ నా కాళ్ళు లేవబోయాయి. పాదాలు నేలకు అదిమిపెట్టి కూర్చున్నాను. జాలి కలగలేదని అబద్ధం చెప్పను. కలిగింది. దాని పక్కనే, అంతకన్నా పెద్దగా, ఎండాకాలంలో కుండలో నీళ్ళు గొంతులోకి దిగినంత హాయి కూడా కలిగింది. ఇంకొంచెం సేపు, ఇంకొంచెం సేపు అనుకున్నాను.

ఆయన చూపు హాలంతా వెతికి నన్ను పట్టుకుంది. చేత్తో రమ్మని సైగ చేశాడు. నిదానంగా నడుచుకుంటూ పోయాను.

"ఏమాయ ఇది? బిన్నా చూడు" అన్నాడు పళ్ళ బిగువున. ఆ మాట స్పీకర్లలో వినబడింది. ఆయన గమనించలేదు.

"చూస్తా. ఈ పాటకు మిక్సింగ్ ఎవరు చేసినారో ఈ పిల్లోల్లకు ఒక్క మాట చెప్పు. అంతే" అన్నాను.

ఆయన ముఖం నల్లబడింది. నా చెవి దగ్గరికి వంగాడు. "నాటకాలాడతాండావా? నా పనంతా నువ్వే చేస్తాండావని నలుగురిలో చెప్పాల్నా? ఇంటికి రా, నీ కాళ్ళిరగ్గొడతా."

ఆ మాటలు హాలు నాలుగు మూలలా మోగాయి. గుసగుసలు ఆగిపోయాయి. ఆయన చొక్కాకున్న మైకు వైపు చూసుకున్నాడు. ఇంతకన్నా బాగా నేను కూడా చెప్పగలిగేదాన్ని కాదు. ఆయనే చెప్పేశాడు.

ఈశ్వరి మేడమ్ లేచి వచ్చి, ఆయన చొక్కా నుంచి మైకు విప్పి నా చేతికిచ్చింది. "మీరు చెప్పండి మేడమ్" అంది.

పిల్లల వైపు తిరిగాను. "మీటర్లు చూడండి. ఆడుతున్నాయా?"

"ఆడుతున్నాయ్ మేడమ్!"

"అంటే పాట ఉంది. రావాల్సిన చోటికి రావడం లేదు. మరి యాడికి పోతాందో మీరే చెప్పండి. క్లాసు మొదలైనాక ఈ ల్యాప్‌టాప్‌కు కొత్తగా ఏం తగిలించినాము?"

మూడో వరసలో ఒక అమ్మాయి లేచింది. "ప్రొజెక్టర్ మేడమ్!"

ఆ అమ్మాయినే వేదిక మీదికి పిలిచి, దారి మార్చే చోటు చూపించి, ఆమె చేతే నొక్కించాను. ఓబమ్మ గొంతు హాలు కప్పును తాకింది. పాట అయిపోయేదాకా ఎవరూ కదల్లేదు. "పాడింది శింగనమల ఓబమ్మ. పదాలు ఆమెవి. మిక్సింగ్ నాది. నా పేరు వనజాక్షి" అన్నాను. చూస్తే మా ఆయన హాలులో లేడు. శాలువా కుర్చీ మీద ఉంది.

బస్సుకు ఇంటికి వచ్చాను. ఆయన ముందే వచ్చి, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. కాళ్ళిరగ్గొట్టడానికి లేవలేదు. అంతమంది విన్నాక ఆ మాటకు బలం పోయింది. అత్త మాత్రం నడి ఇంట్లో నిలబడింది.

"మొగుణ్ణి నలుగురిలో నగుబాటు చేసేదా? ఏం ఆడదానివే నువ్వు?"

"నన్ను టీవీలో ఊరందరి ముందర నగుబాటు చేసినప్పుడు నాలుగుసార్లు పెట్టించుకోని చూసినావు గదత్తా. ఇది ఒక్కసారే జరిగింది. ఇంకా మూడున్నాయి" అన్నాను.

మూడో రోజు ఈశ్వరి మేడమ్ ఫోన్ చేసింది. కాలేజీలో రికార్డింగ్ గది ఉందట, నడిపేవాళ్ళు లేరట. వారానికి నాలుగు రోజులు రాగలరా అని అడిగింది. ఆ రోజు నుంచే వస్తానన్నాను. ఓబమ్మను పిలిచి ఆమె పాటలన్నీ ఆమె పేరుతోనే అక్కడ రికార్డు చేయవచ్చా అని నేను అడిగితే, అంతకన్నానా అంది మేడమ్.

ఆ పూటే జయరాజు కొత్త పాట పట్టుకుని వచ్చి మేడ మీద కూర్చున్నాడు. మా ఆయన వంటింటి గడప దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. గొంతు మెత్తగా ఉంది. పన్నెండేళ్ళలో నాతో ఆ గొంతుతో మాట్లాడింది తక్కువ.

"జరిగిందేదో జరిగిపాయ వనజా. బోర్డు మార్పిస్తా. నా పేరు పక్కన నీ పేరు కూడా వేయిస్తా. సరేనా? పైకి రా, అన్న కాచుకోనుండాడు."

చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. కాలేజీ బస్సు సందు చివరికి వచ్చే వేళయింది.

"నా పేరు వద్దులేప్పా. బోర్డు మీద నీ పేరే ఉండనీ" అన్నాను, చెప్పులేసుకుంటూ. "ఈ పొద్దు నుంచి పని కూడా నువ్వే చేసుకో."