డెబ్బై కిలోల లెక్క

బట్టల మిషన్ను పాడుచేసింది ఆయన భార్యే. అందులో అనుమానం లేదు. రెండు దుప్పట్లు పట్టే చోట మూడు కుక్కింది, ఇరుసు వంగింది. ఆవిడ పోయి రెండేళ్లయినా పెద్దాయన తీర్పు మారలేదు.

అయినా దాన్ని ఇంట్లోంచి కదలనివ్వడు. ఆ ఇంట్లో ఆవిడ ఆయన్ను అడక్కుండా కొనుక్కున్న వస్తువు అదొక్కటే. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కూతురు హైస్కూల్లో ఫిజిక్సు టీచరు. ఆదివారం పొద్దున్నే పాత సామాన్లు కొనే మనిషిని వెంటబెట్టుకొచ్చింది.

"నువ్వు బట్టలు పిండితే కింద ఇంటివాళ్ల గిన్నెలు దొర్లి పడుతున్నాయట నాన్నా."

"గిన్నెలు సర్దుకోవడం రాకపోతే నేనేం చెయ్యను?"

"సరే. ఇవాళ ఇది గది దాటకుండా తిరిగితే ఉంచుకో. దాటిందా, ఈయన బండెక్కిస్తాడు."

పెద్దాయన ముప్పై ఎనిమిదేళ్లు లేత్ మిషన్ మీద ఇనుము చెక్కాడు. తిరిగేదాని గుణం అరచేత్తో చెప్పగలడు. ఖాళీ డ్రమ్మును నిమిషానికి వంద చుట్ల మీద తిప్పి, పైన చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు.

"ముప్పావు కిలో లాగుతోంది. వెయ్యి చుట్లకి పది రెట్లు, ఏడున్నర. నేను డెబ్బై కిలోలు. పైన కూర్చున్నానంటే కిక్కురుమనదు."

"పది రెట్లు కాదు నాన్నా, వంద. కోణీయ వేగం పది రెట్లయితే, లాగే బలం పదిని పదితో హెచ్చవేసినంత."

"ఎందుకట?"

"లోపలి బరువు పది రెట్లు జోరుగా పోతోందా? అంత జోరులోనూ పది రెట్లు తొందరగా మళ్లాలి. ఆ రెండూ కలిస్తే వంద."

"ఒక్క పనికి రెండుసార్లు లెక్క కడితే మా పంతులు గోడకుర్చీ వేయించేవాడు."

పాత సామాన్ల మనిషి నవ్వబోయి, పెద్దాయన చూపు చూసి, చేతిలోని తూకం కొక్కేన్ని శ్రద్ధగా తుడవసాగాడు.

పెద్దాయన మీట వెయ్యికి తిప్పి, మిషనెక్కి కాళ్లు వేలాడేసుకున్నాడు. మూడొందల దగ్గర కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఆరొందల దగ్గర మాట ముక్కలైంది.

"చూ... చూశా... వా? కది... కదిలిందా?"

వెయ్యి దగ్గర మిషను ఒక్కసారి ఒళ్లు విరుచుకుని, ఆయన్ను ఎత్తుకుని బయల్దేరింది. దండెం మీది తడి తువ్వాలు ఆయన నెత్తిన పడింది. గుమ్మం దాటి, వంటింట్లో సగం దూరం పోయాక, తీగ చాలక ప్లగ్గు ఊడింది.

"స్టేషనొచ్చింది పెద్దాయనా, దిగండి" అన్నాడు పాత సామాన్ల మనిషి.

"ముప్పావుకి వంద రెట్లు, డెబ్బై అయిదు" అంది కూతురు. "నువ్వు డెబ్బై. అయిదు కిలోలు తగ్గావు నాన్నా."

పెద్దాయన తువ్వాలు తీసి కిందికి దిగాడు. పాత సామాన్ల మనిషి బండెక్కించడానికి మిషన్ను ఓరగా వంచాడు. లోపల గలగలమంది.

కూతురు చెయ్యి పెట్టి చూసింది. బట్టల్ని ఎత్తి వేసే ప్లాస్టిక్ రెక్క ఒకటి మూల పగిలి ఉంది. మర ఊడదీసి రెక్క తిరగేస్తే, ఇత్తడి నట్లు నేల మీద కుప్పగా పడ్డాయి. ఆయన చేతులతో మర కోసిన నట్లు. ఆయన చొక్కా జేబుల్లో ఇంటికొచ్చినవి.

పాత సామాన్ల మనిషి అలవాటుకొద్దీ సంచిలో పోసి కొక్కేనికి తగిలించాడు. "పావుకిలో."

వారం వారం ఆవిడ చెప్పేది, జేబులు చూసుకుని వెయ్యండీ అని. వారం వారం ఆయన అరిచేవాడు, నా జేబుల్లో ఏముంటాయే నీ మొహం, అని.

రెక్క బిగించి, మిషన్ను మళ్లీ వెయ్యి మీద తిప్పారు. పెద్దాయన అరచెయ్యి ఆనించాడు. పిల్లి గురకలాంటి చప్పుడు, అంతే.

"ఇరుసు?" అంది కూతురు.

"తిన్నగానే ఉంది."

నట్లు తీసి జేబులో వేసుకోబోయాడు. కూతురు చూస్తోంది. కిటికీ గట్టు మీద పెట్టాడు.

"అయితే ఆ మూడు దుప్పట్లు..."

"మిషన్ను దాని చోట పెట్టించు. ఈ సంగతి ఇంతటితో సరి. ఇక నా నోట రాదు, నా ముందు ఎవరూ ఎత్తకూడదు. మీ అమ్మ ఫోటో దగ్గర కూడా."