దూదిలో చుట్టిన కబురు

లిఫ్టు మెకానిక్కు పనిలో ఉండగా ఫోను ఎత్తడు. రెండంతస్తుల మధ్య ఆగిపోయిన లిఫ్టులో మనిషి ఉన్నప్పుడైతే అసలే ఎత్తడు. ఆ పొద్దున ఒక ఆఫీసు భవనంలో అతను సరిగ్గా అలాంటి పనిమీదే ఉన్నాడు. లోపల ఇరుక్కున్నావిడది పెద్ద గొంతు. చేతిసంచితో తలుపును బాదుతూ, "ఇంకెంతసేపు బాబూ?" అని అరుస్తోంది.

"ఎంతసేపో చెప్పలేనమ్మా. ఏం చేస్తున్నానో చెప్తాను," అన్నాడతను తలుపు సందుకు నోరు ఆనించి. "ఇప్పుడు పైకి వెళ్తున్నాను. మోటారు గదిలో కరెంటు తీసేస్తాను. మీ దగ్గర చిన్న లైటు వెలుగుతూనే ఉంటుంది. తర్వాత చక్రం చేత్తో తిప్పుతాను. కాళ్ళకింద కాస్త కుదుపు తెలుస్తుంది. తెలిస్తే మంచిదే."

అది అతని పద్ధతి. పనిలో చేరిన కొత్తల్లో అతనూ అందరిలాగే "ఏం కాదండీ, ఏం కాదు" అనేవాడు. ఆ మాట అన్నకొద్దీ లోపలివాళ్ళు ఏదో అయిపోతోందని బెంబేలెత్తిపోవడం చూసి, దాన్ని మానేశాడు. చేసేది చెప్పాలి. కనిపించేది చెప్పాలి. కనిపించనిదాన్ని తెలియదనాలి. అంతే.

ఆవిడను క్షేమంగా దించాడు. సగం దీవెనలు, సగం చీవాట్లు పుచ్చుకుని ఫోను చూసుకుంటే, భార్య వరసగా చేసిన కాల్సు కనిపించాయి. ఆమె బడిపిల్లల యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో గుడ్డ కత్తిరించే సెక్షను చూస్తుంది. పనివేళ అక్కడ ఫోన్లన్నీ ఒక అలమరలో పెట్టేయాలి. అలాంటిది, ఆమె అడిగి తీసుకుని మరీ చేసిందంటే చిన్న విషయం కాదు.

"తమ్ముడు చేశాడండీ," అంది ఆమె. వెనకాల కుట్టుమిషన్ల రొద. "నాన్నకి కాస్త నలతగా ఉందట. కంగారేం లేదట. వీలుచూసుకుని రమ్మన్నాడు."

అతనికి నోరెండిపోయింది.

ఇందులో నోరెండడానికి ఏముందని బయటివాళ్ళు అనుకోవచ్చు. అతని అత్తవారిల్లు ఎలాంటిదో తెలిస్తే అనుకోరు. ఆ ఇంట్లో చెడ్డ కబురును ఉన్నదున్నట్టు చెప్పడం మహా పాపం. దూదిలో చుట్టి, పైన పట్టుగుడ్డ కప్పి అందిస్తారు. బావమరిది డిగ్రీ పరీక్ష తప్పినప్పుడు "ఫలితాలు ఇంకా పూర్తిగా రాలేదు" అన్నారు. గాలివానకి వంటింటి కప్పు లేచిపోతే, "ఇప్పుడు వంటింట్లోకి వెలుతురు బాగా వస్తోంది" అన్నారు. అవన్నీ చెప్పుకుని నవ్వుకోవచ్చు. కానీ భార్య నాయనమ్మ పోయినప్పుడు కూడా వాళ్ళన్నది ఇదే: కాస్త నలతగా ఉంది, కంగారేం లేదు, వీలుచూసుకుని రండి. వీళ్ళు ఆ మాట నమ్మి, నింపాదిగా బయల్దేరి, దారిలో ఆగి పండ్లు కొనుక్కుని మరీ వెళ్ళారు. వీధి మలుపు తిరిగేసరికి ఇంటిముందు జనం. పండ్లసంచి పట్టుకుని వాకిట్లో అలాగే కొయ్యబారిపోయింది అతని భార్య. ఆ సంచి ఆమె చేతిలోంచి ఎవరు తీసుకున్నారో ఇద్దరికీ ఇప్పటికీ గుర్తులేదు.

ఇప్పుడూ అవే మాటలు. ఒక్క అక్షరం తేడా లేదు.

అతను ఇంటికి చేరేసరికి ఆమె బట్టలు సర్దుతోంది. చేతులు ఎప్పటిలాగే పొందికగా, అంచుకి అంచు కలిపి మడుస్తున్నాయి. ముఖంలో మాత్రం నెత్తురుచుక్క లేదు.

"నాన్నకి ఫోనివ్వరా అంటే, పడుకున్నారన్నాడు. అమ్మకివ్వరా అంటే, అమ్మ తీసుకుని, 'మీరు ముందు శుభ్రంగా భోంచేసి బయల్దేరండమ్మా' అంది. మా అమ్మ అలా ఎప్పుడంటుందో మీకు తెలుసు కదా."

తెలుసు. విషయం ఎంత పెద్దదైతే, తిని బయల్దేరమని ఆవిడ అంత గట్టిగా చెబుతుంది.

"ఏం కాదులే," అన్నాడతను.

ఆమె మడత ఆపి అతనికేసి చూసింది. "లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళకి ఆ మాట చెప్పరుగా మీరు. ముక్కూమొహం తెలియనివాళ్ళకి నిజం, ఇంట్లో పెళ్ళానికి దూదా?"

అతను ఆమె ఎదుటికి వచ్చి, "మామయ్యకి ఏమైందో నాకు తెలియదు," అన్నాడు. "టికెట్లు దొరికాయి. మధ్యాహ్నం రైలు. నేనూ వస్తున్నాను. నాకు తెలిసినవి ఈ మూడే."

"అలా చెప్పండి," అని ఆమె మళ్ళీ మడవడం మొదలుపెట్టింది. ఈసారి అంచులు కలవలేదు. అతను పక్కన కూర్చుని, చీర రెండో కొస పట్టుకున్నాడు.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది ఆమె. సంచి పైన పెడతానన్నా ఇవ్వలేదు, ఒళ్ళో పెట్టుకుంది. ఊళ్ళు వెనక్కి పోతున్నాయి, పొలాలు పోతున్నాయి, ఆమె దేన్నీ చూడటం లేదు. ఎదురు సీటులో ఒకాయన పేపరు చదువుతూ కునికిపాట్లు పడుతున్నాడు.

"ఆదివారం నాన్న ఫోన్ చేశారు," అంది చాలాసేపటికి. "బడి తెరిచేలోపు వెయ్యి జతలు ఇవ్వాలి, నేను కత్తెర పట్టుకుని ఉన్నాను. మళ్ళీ చేస్తా నాన్నా అన్నాను. చెయ్యలేదు."

అతనికి అనడానికి దూదిమాటలే తోచాయి, వాటిని మింగేశాడు.

"ఇప్పుడు వెళ్తే ముఖమైనా చూస్తానో లేదో," అంది. "ఆయన ఉన్నారో లేదో తెలియకుండా ఇంత దూరం... అసలు ఏడవాలో వద్దో కూడా తెలియడం లేదండీ నాకు."

ఏడవడానిక్కూడా లేకుండా కూర్చుంది మనిషి. అతను ఆమె వైపు తిరిగాడు.

"నేను కనుక్కోనా? దూది తీయించి కనుక్కుంటాను. ఏది వింటే అదే నీకు చెప్తాను. మంచైనా, చెడైనా. ఆలోచించుకుని చెప్పు."

రైలు ఒక వంతెన దాటింది. ఆ చప్పుడంతా అయిపోయాక ఆమె, "ఏదైనా సరే," అంది.

అతను పెట్టె చివరికి, తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఫోను మోగుతోంది. కనుక్కుంటానని గొప్పగా లేచొచ్చాడు గానీ, బావమరిది ఆ ఒక్క మాట అంటే, దాన్ని మోసుకుని తిరిగి ఆ సీటుదాకా నడవాల్సింది తనే.

"బావా, ఎక్కడిదాకా వచ్చారు? ఇక్కడంతా బానే ఉంది, మీరు నెమ్మదిగా..."

"ఒరేయ్, ఆగు. నువ్వు ఎక్కడున్నావు ఇప్పుడు?"

"ఆసుపత్రిలో."

"ఆసుపత్రిలో ఎక్కడ?"

"నాన్న మంచం పక్కన."

అతను తలుపు కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. "సరే. బానే ఉంది, కంగారు లేదు, ఇవేవీ నాకొద్దు. నీ కళ్ళకి ఏం కనిపిస్తోందో ఒక్కటొక్కటే చెప్పు."

"ఏం చెప్పమంటావు బావా?"

"మంచం మీద ఎవరున్నారు?"

"నాన్న. ఇంకెవరుంటారు?"

"ఛాతీ?"

"ఛాతీ ఏంటి?"

"లేచి దిగుతోందా అని అడుగుతున్నా."

అవతల స్టూలు జరిపిన చప్పుడైంది. లిఫ్టు మెకానిక్కు ఫోనుని చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు.

"లేస్తోంది, దిగుతోంది," అన్నాడు బావమరిది. "గురక కూడా పెడుతున్నారు. ఇదేం ప్రశ్న బావా? మీరు ఏమనుకున్నారు?"

"ఏమనుకున్నామో వచ్చాక చెప్తాలే. ఇంకా?"

"చేతికి సెలైను. నిన్న పొద్దున తీసుకొచ్చాం."

"నిన్ననా?"

"మీరు కంగారుపడతారని..." అని నీళ్ళు నమిలాడు బావమరిది. "బావా, నిన్న నాన్న నన్ను గుర్తుపట్టలేదు. నా ముఖంలోకి చూసి, టికెట్ తీసుకున్నావా అన్నారు. నేను నీ కొడుకుని నాన్నా అంటే, కొడుకైతే మాత్రం టికెట్ అక్కర్లేదా అన్నారు. అక్కకి ఇది ఎలా చెప్పను బావా? అమ్మకి కూడా చెప్పలేదు." ఇక మాట సాగక వెక్కివెక్కి ఏడ్చాడు.

మామగారు రిటైరయ్యేదాకా బస్సు కండక్టరు. అతను బావమరిది ఏడుపు తగ్గేదాకా ఆగి, "బాగా చెప్పావురా," అన్నాడు. "ఇలాగే చెప్పు. డాక్టరేమన్నారు?"

"ఒంట్లో ఉప్పు బాగా పడిపోయిందన్నారు. అందుకే ఆ మతి తప్పిన మాటలట. ఎక్కిస్తున్నారు. ఒక్కసారిగా ఎక్కించకూడదట, నెమ్మదిగా ఎక్కించాలట. మామూలు మనిషి అవుతారనే అన్నారు బావా, ఒట్టు, ఇది నేను కల్పించింది కాదు."

అతను సీటు దగ్గరికి వచ్చేసరికి ఆమె నిలబడి ఉంది. అతను విన్నదంతా, విన్న వరసలోనే చెప్పాడు. ఛాతీ చెప్పాడు, గురక చెప్పాడు. ఇక్కడితో ఆపేస్తే చాలదా అనిపించింది. అయినా ఆపలేదు. కొడుకుని గుర్తుపట్టలేదని, టికెట్ అడిగారని కూడా చెప్పాడు.

ఆమె సీటులో కూలబడింది. రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అతను తప్పు చేశానేమో అనుకుంటూ భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె చేతులు తీసి చూసింది. కళ్ళనిండా నీళ్ళు, పెదవులమీద నవ్వు.

"అయితే ఉన్నారు," అంది.

"ఉన్నారు. కానీ వాణ్ణి గుర్తుపట్టలే..."

"మీకు అర్థం కాలేదా? బానే ఉన్నారు, నవ్వుతున్నారు అని చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. ఇలాంటి మాట మా ఇంట్లో ఎవరూ కల్పించరండీ. మావాళ్ళకి కల్పించడం వస్తే మంచిదే కల్పిస్తారు." ముక్కు చీదుకుంది. "కొడుకైతే మాత్రం టికెట్ అక్కర్లేదా అన్నారా? అది మా నాన్నే. ఉన్నారు."

ఇక ఏడ్చింది. హాయిగా, చుట్టుపక్కల వాళ్ళని పట్టించుకోకుండా ఏడ్చింది. ఎదురు సీటాయన కునుకులోంచి ఉలిక్కిపడి లేచి, "ఏమైందండీ?" అని అడిగాడు. "మా మామగారు బతికే ఉన్నారండీ," అన్నాడు లిఫ్టు మెకానిక్కు. ఆయన దీనికేమనాలో తెలియక, మంచినీళ్ళ సీసా అందించాడు.

ఆ తర్వాత బావమరిదికి కట్ట తెగింది. పుట్టిన దగ్గర్నుంచి దాచుకున్న నిజాలన్నీ ఒకేరోజు చెప్పేయాలన్నట్టు, పావుగంటకోసారి ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "అక్కా, నర్సమ్మ వచ్చింది. బీపీ చూసింది. వెళ్ళిపోయింది." "అక్కా, నాన్న దగ్గారు." "అక్కా, ఫ్యాను చప్పుడు చేస్తోంది, వార్డుబాయ్‌కి చెప్పాను, వస్తానన్నాడు, రాలేదు." చివరికి ఆమే, "ఒరేయ్, ఇంక చాలురా, కొంచెం ఊపిరి పీల్చుకోనియ్," అని విసుక్కుంది. విసుక్కుంటూనే, పొద్దుట్నుంచీ ముట్టని రొట్టె పొట్లం విప్పి, సగం తుంచి భర్తకిచ్చింది.

సాయంత్రం వాళ్ళు వార్డులో అడుగుపెట్టేసరికి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా మంచంమీద పడుతోంది. అత్తగారు స్టూలుమీద కూర్చుని ఉన్నారు. మామగారు దిండుకి ఆనుకుని కళ్ళు తెరిచే ఉన్నారు. కూతుర్ని చూశారు. చూస్తూనే ఉన్నారు. కనుబొమలు ముడిపడ్డాయి.

రైల్లో అంత ధైర్యంగా మాట్లాడిన మనిషి మంచానికి అల్లంత దూరంలోనే ఆగిపోయింది. పక్కనున్న భర్త చేతిని వేళ్ళు నొప్పిపెట్టేలా పట్టుకుంది. ఉన్నారన్నది తేలింది. కానీ ఆ ఉన్నాయనకి తను ఎవరు?

"నువ్వెందుకొచ్చావు తల్లీ?" అన్నారు మామగారు. గొంతు పీలగా ఉంది, మాట స్పష్టంగానే ఉంది. "బళ్ళు తెరిచేముందు మీకు ఊపిరాడదు కదా. సెలవెలా ఇచ్చారు?" తర్వాత అల్లుడికేసి చూసి, "ఈయన్ని కూడా లాక్కొచ్చావా? అక్కడ ఎంతమంది మధ్యలో వేలాడుతున్నారో ఏమో," అన్నారు.

బావమరిది గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మామగారి కథ అప్పుడు పూర్తిగా బయటపడింది. బీపీ డాక్టరు ఉప్పు తగ్గించమన్నాడు. ఈయన ఏ పనైనా పట్టుకుంటే అంతు చూసే రకం. ఉప్పు పూర్తిగా మానేశారు. పైగా ఎవరో మంచిదన్నారని పొద్దున్నే లేచింది మొదలు బిందెల కొద్దీ నీళ్ళు తాగారు. అత్తగారు చూస్తూనే ఉన్నారు గానీ, అంటే బాధపడతారని ఏమీ అనలేదు.

కూతురు ఇంకో స్టూలు లాక్కుని తండ్రి పక్కన కూర్చుంది. ఆయన చెయ్యి అందుకుని, సెలైను సూది తగలకుండా జాగ్రత్తగా ఒళ్ళో పెట్టుకుంది. ఆ తర్వాత మొదలుపెట్టింది.

"ఉప్పు తగ్గించమంటే మానేస్తావా నాన్నా?"

"తగ్గించమన్నారు గానీ, ఎక్కడ ఆగాలో చెప్పలేదు కదమ్మా."

"అడగాలి. నోరుంది కదా, బస్సులో అంతమందిమీద అరిచావు కదా, ఒక్క డాక్టర్ని అడగలేవా? ఏమ్మా, నువ్వు చూస్తూ కూర్చున్నావా? ఒరేయ్ నువ్వు, నిన్న తీసుకొస్తే ఇవాళ చెప్తావా?" గొంతు పెరుగుతూ పోయింది. వార్డులో ఆ చివరి మంచమాయన కూడా తలెత్తి వినసాగాడు.

లిఫ్టు మెకానిక్కు ఎప్పుడో వరండాలోకి వచ్చి బెంచీమీద కూలబడ్డాడు. ఆ తిట్లు చెవిన పడుతుంటే ఒంట్లో ఒక్కో నరమూ సడలిపోతోంది. నర్సు వచ్చి, "లోపల మీవాళ్ళేనాండీ? పేషెంటు దగ్గర అలా అరవకూడదు," అంది.

"నిజమేనండీ. ఆవిడ పొద్దుట్నుంచి ఆ మాటలన్నీ ఎవరికి చెప్పాలో తెలియక మోసుకొచ్చిందండీ," అన్నాడతను. "కాస్త దింపుకోనివ్వండి."

నర్సు తలుపు తోసి తొంగిచూసింది. పేషెంటు దిండుకి ఆనుకుని, కూతురనే ప్రతిమాటకీ బుద్ధిగా తలాడిస్తున్నాడు. నర్సు తలుపు దగ్గరగా వేసి, పక్క వార్డులోకి వెళ్ళిపోయింది.