రెండోసారి అడగకూడదు

వాష్‌రూమ్ నుంచి వచ్చేటప్పుడు నిషిమురా చేతిలో కళ్లజోడు పెట్టెలాంటిది ఉంది. కళ్లజోడు మాత్రం ముక్కు మీదే ఉంది. కారిడార్‌లో ఎదురుపడిన సూర్యకుమారికి తల వంచి, పెట్టెను కోటు జేబులో వేసుకుని కాన్ఫరెన్స్ గదిలోకి వెళ్లారు.

ఆ పెట్టెలో ఏముంటుందో సూర్యకుమారికి తెలుసు. సింగపూర్‌లోని టాంపినీస్‌లో వాళ్ల ఫ్లాట్‌లోనూ అలాంటిది ఒకటి ఉంది. అత్తగారు రత్తమ్మకు అన్నానికి ముందు ఇన్సులిన్ ఇచ్చేది ఆమే. ఇచ్చాక అరగంటలో కంచం పెట్టాలి. పెట్టకపోతే రత్తమ్మకు చెమటలు పడతాయి, చేతులు వణుకుతాయి, మనుషుల్ని పోల్చుకోదు. ఒకసారి మార్కెట్‌లో అలాగే పడిపోతే ఆంబులెన్స్ వచ్చి తీసుకెళ్లింది. అప్పటినుంచి సూర్యకుమారి హ్యాండ్‌బ్యాగ్‌లో పటికబెల్లం డబ్బా ఉంటోంది.

అది రెండువేల సంవత్సరం. జురాంగ్ ఈస్ట్‌లో అంతస్తుకొక సాఫ్ట్‌వేర్ కంపెనీ తెరుచుకుంటున్న రోజులు. సూర్యకుమారి పనిచేసే కంపెనీ ఒక జపాన్ సంస్థ గోదాముల కోసం ప్రోగ్రామ్ రాసింది. దాన్ని పరీక్షించి సంతకం పెట్టడానికి ఒసాకా నుంచి నిషిమురా వచ్చారు. సంతకం పడితే రెండో విడత పని వస్తుంది. పడకపోతే ఈ జట్టుకు ఇక్కడ పని ఉండదు. సూర్యకుమారి ఎంప్లాయ్‌మెంట్ పాస్ వచ్చే నెలతో ముగుస్తుంది. భర్త హరికృష్ణ, రత్తమ్మ సింగపూర్‌లో ఉంటున్నది ఆ పాస్ మీదే.

మేనేజర్ పార్థసారథి ఏ ఏర్పాటూ వదల్లేదు. టోక్యోలో ఉండి వచ్చిన ఒక మేడమ్‌ను పిలిపించి ముందు వారమే అందరికీ క్లాసు చెప్పించాడు. నడుస్తూ తినకూడదు. రైల్లో తినకూడదు. పక్కవాళ్లు తిననప్పుడు ఒక్కరే తినకూడదు. చాప్‌స్టిక్ పుల్లలు అన్నంలో నిలబెట్టకూడదు, అది చావింటి ఆచారం. పెద్దవాళ్లు మొదలుపెట్టేదాకా మిగతావాళ్లు మూత తీయకూడదు. ఆఖర్న ఆమె ఇంకో మాట చెప్పింది. "మన మొహమాటాలు వాళ్ల దగ్గర కుదరవు. వద్దంటే వద్దనే అర్థం. రెండోసారి అడగకూడదు."

పన్నెండింటికి భోజనమని నిషిమురాకు ముందే చెప్పారు. పన్నెండింటికి జపాన్ హోటల్ నుంచి వచ్చిన డబ్బా ఆయన ముందు పెట్టారు. మిగతావాళ్లు ఇంటి నుంచి తెచ్చుకున్నవి ముందు పెట్టుకున్నారు. పార్థసారథి లేచి నిలబడి ఇంగ్లిష్‌లో అడిగాడు.

"భోజనం సిద్ధంగా ఉంది. తీసుకుంటారా?"

నిషిమురా చెయ్యి అడ్డంగా ఊపారు. "నా కోసం పని ఆపకండి. నాకేం పర్లేదు."

"అయితే తర్వాతి పరీక్ష మొదలుపెడదాం" అన్నాడు పార్థసారథి.

అదేం మాటండీ, ముందు చెయ్యి కడుక్కోండి అన్న మాట సూర్యకుమారి నోటిదాకా వచ్చింది. తణుకులో వాళ్ల పుట్టింట్లో మొదటిసారి వద్దన్న మాటను ఎవరూ లెక్కలోకి తీసుకోరు. ఆమె పార్థసారథి వైపు చూసింది. అతను కళ్లతోనే వద్దన్నాడు.

పక్కన కూర్చున్న బాలు గొంతు తగ్గించి అడిగాడు. "సార్, ఆయన తినకపోతే మనకీ ఉపవాసమేనా?"

"ఆయన పుల్లలు పట్టేదాకా మూత తీయొద్దు."

"నా పెరుగన్నం పులిసి మూత అదే తెరుచుకుంటది సార్."

"నోర్ముయ్ బాలూ."

పరీక్ష మొదలైంది. డబ్బాలను గోడవారగా బల్ల మీదికి జరిపారు. సూర్యకుమారి నీళ్ల కోసమని లేచి, పార్థసారథిని పాంట్రీలోకి పిలిచింది.

"సార్, ఆయన ఇన్సులిన్ తీసుకున్నారండి. తినకపోతే పడిపోతారు."

"మీకెవరు చెప్పారు?"

"పెట్టె చూశాను. మా అత్తయ్యగారికి రోజూ ఇచ్చేది నేనేనండి."

పార్థసారథి తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "వాష్‌రూమ్‌లోకి వెళ్లి తీసుకున్నాడంటే మనం చూడకూడదనే కదమ్మా. ఇప్పుడు మనం వెళ్లి మీకు షుగరంట కదా అంటే ఎట్లుంటుంది? అంత పెద్దమనిషి, ఆయన జబ్బు ఆయనకు తెల్వదా?"

"ఇంకొక్కసారి అడగండి సార్, తినమని."

"అడగొద్దని చెప్పింది విన్నారు కదా." అతను ఆగాడు. "మీ రెన్యువల్ కాగితం నా టేబుల్ మీద ఉంది. బెదిరిస్తున్నా అనుకోవద్దు. ఈ ఒక్కరోజు నోరు కట్టేసుకోండి. ఆరుగురి బతుకు."

సూర్యకుమారి ప్లేట్‌లో బిస్కెట్లు పెట్టి నిషిమురా చేతికి అందేటట్టు ఉంచింది. ఆయన తల వంచి థాంక్యూ అన్నారు. ముట్టుకోలేదు. గదిలో ఇంకెవరూ తినడం లేదు.

మూడు దాటాక నిషిమురా ఒక ప్రశ్న అడిగారు. బాలు జవాబు చెప్పాడు. కాసేపటికి ఆయన అదే ప్రశ్న మళ్లీ అడిగారు. బాలు పార్థసారథి ముఖం చూసి, అదే జవాబు మళ్లీ చెప్పాడు. ఆఖరి పరీక్ష నడుస్తున్నంతసేపు నిషిమురా తెరను చూస్తూ ఉన్నారు, కానీ ఏమీ రాసుకోలేదు. అంతా అయ్యాక సంతకం కాగితం ముందుకు జరిపితే, పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టేశారు.

"రేపు ఉదయం" అన్నారు.

"నచ్చలేదు" అన్నాడు పార్థసారథి తెలుగులో, ఎవరితోనూ కాదు.

బయట వాన. టాక్సీకి ఫోన్ చేస్తే దొరకలేదు. నిషిమురా బ్యాగును ఆఫీసు వ్యాన్ ఉదయమే సిటీలోని హోటల్లో దింపేసింది. ట్రైన్‌లో వెళ్దామని ఆయనే అన్నారు. పార్థసారథి ఆయనతో బయల్దేరాడు. ఇంటికి వెళ్లాల్సింది అదే లైన్‌లో కాబట్టి సూర్యకుమారి కూడా వాళ్లతో ఎక్కింది.

రైలు పెట్టెలో సీట్లు ఖాళీ లేవు. నిషిమురా తలుపు దగ్గర కడ్డీ పట్టుకుని నిలబడ్డారు. ఏసీ గాలి నెత్తి మీద వీస్తోంది. ఆయన చొక్కా కాలరు తడిసింది. సూర్యకుమారి అది వాననీళ్లనుకుంది. తర్వాత నుదుటి మీద చెమట చుక్కలు కనిపించాయి. తుడిస్తే మళ్లీ పట్టాయి.

స్టేషన్ దాటాక, వంతెన మీద రైలు ఆగింది. ముందు రైలు కదిలేదాకా ఆగాలని మైకులో చెప్పారు.

నిషిమురా చేతిలోని గొడుగు కింద పడింది. ఆయన వంగలేదు. పడిందని తెలిసినట్టు కూడా లేదు.

"నిషిమురా గారూ, గొడుగు" అంది సూర్యకుమారి ఇంగ్లిష్‌లో.

ఆయన ఆమెకు జపాన్ భాషలో ఏదో జవాబు చెప్పారు. పార్థసారథి నవ్వబోయి ఆగిపోయాడు. కడ్డీ మీద ఆయన వేళ్లు వణుకుతున్నాయి.

సూర్యకుమారి బ్యాగ్‌లోంచి డబ్బా తీసి మూత తెరిచింది. పటికబెల్లం పలుకులు. "ఇది చక్కెర. నోట్లో వేసుకోండి."

"థాంక్యూ. నాకేం పర్లేదు."

"తీసుకోండి."

"పర్లేదు." ఆయన పెట్టెలోని జనం వైపు చూశారు. గోడ మీది బోర్డు వైపు చూశారు. దాని మీద రైల్లో తినడానికి, తాగడానికి వీల్లేదని బొమ్మలు వేసి ఉన్నాయి.

పార్థసారథి ఆమె మోచేతి దగ్గర ఫైలు అడ్డం పెట్టాడు. "సూర్యకుమారిగారూ, వద్దంటున్నాడు కదా. ఇది రైలు. పట్టుకుంటే ఫైన్. ఆయన మనతో ఉండగా ఫైన్ పడిందంటే ఏమవుతుందో తెలుసా? వచ్చే స్టేషన్‌లో దిగుదాం."

"వచ్చే స్టేషన్ ఎప్పుడొస్తుందండి? రైలు కదలట్లేదు."

"సిబ్బందిని పిలుద్దాం. అక్కడ బటన్ ఉంది."

"పిలవండి. వాళ్లు వచ్చేలోగా ఈయన ఒరిగిపోతే నోట్లో ఏదీ వేయలేం. మింగలేరు."

పార్థసారథి బటన్ వైపు చూశాడు. వాళ్లకూ దానికీ మధ్య జనం నిలబడి ఉన్నారు. ఈలోగా నిషిమురా కళ్లు మూసుకుని, మళ్లీ తెరిచారు. సూర్యకుమారి ఆయన చూపు ఎటు పోతోందో గమనించింది. డబ్బా వైపు వెళ్తోంది. అక్కడినుంచి ఆమె నోటి వైపు, పార్థసారథి నోటి వైపు వెళ్తోంది. మధ్యాహ్నం బిస్కెట్ల ప్లేటు ముందు కూడా ఆయన అలాగే చుట్టూ చూశారు.

ఆమె ఒక పలుకు తీసి తన నోట్లో వేసుకుంది. ఇంకోటి పార్థసారథి ముందు పెట్టింది.

"తినండి సార్."

"ఏంటిది? నేనా?"

"ఒక్కరే తినరండి ఆయన. మనం తింటే తింటారు."

"రైల్లోనా?"

"నా రెన్యువల్ సంగతి తర్వాత చూసుకుందురు గానీ, ముందు తినండి."

పార్థసారథి చుట్టూ చూశాడు. పలుకు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. దాన్ని కొరికిన చప్పుడు పక్కవాళ్లకు కూడా వినిపించింది.

సూర్యకుమారి డబ్బా రెండు చేతులతో పట్టుకుని మూడోసారి చాపింది. "మేం తింటున్నాం. మీరూ తీసుకోండి."

నిషిమురా కడ్డీ వదిలారు. తూలితే పార్థసారథి భుజం పట్టుకున్నాడు. ఆయన పలుకులు తీసుకుని, తలుపు అద్దం వైపు తిరిగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నమిలారు.

"ఏయ్, హియర్ కెనాట్ ఈట్ లా!" సీట్లో కూర్చున్న చైనా ఆంటీ గట్టిగా అంది.

"ఆంటీ, మెడిసిన్" అంది సూర్యకుమారి.

"త్రీ పీపుల్ ఆల్సో సిక్, ఆ?"

పార్థసారథి నమలడం ఆపాడు. ఆంటీ మెడ సాచి నిషిమురా ముఖం చూసింది. కూరగాయల సంచీ తీసుకుని లేచి, తన సీటు చూపించింది.

నిషిమురా కూర్చున్నారు. సూర్యకుమారి డబ్బా ఆయన ఒళ్లో పెట్టింది. ఈసారి ఆయన ఎవరి వైపూ చూడలేదు. రైలు కదిలేసరికి డబ్బాలో సగం అయిపోయింది. క్లెమెంటీ స్టేషన్ వచ్చేసరికి ఆయన తల వంచి, పార్థసారథి ఏరి పట్టుకున్న తన గొడుగు తీసుకున్నారు.

స్టేషన్ బయట తిండి దుకాణాల హాకర్ సెంటర్‌లో ముగ్గురూ కూర్చున్నారు. నూడుల్స్ గిన్నె ముందుకు రాగానే నిషిమురా అరచేతులు జోడించి ఒక మాట అనుకుని తినడం మొదలుపెట్టారు. గిన్నె ఖాళీ చేశారు. ఆయన పుల్లలు గిన్నె మీద అడ్డంగా పెట్టారు.

"మధ్యాహ్నం మీరు మళ్లీ అడుగుతారనుకున్నాను" అన్నారు.

పార్థసారథి గొంతు సవరించుకున్నాడు. "మళ్లీ అడిగితే మీకు ఇబ్బందని మాకు చెప్పారు."

"పిలవగానే కూర్చుంటే, ఆకలితో వచ్చాడనుకుంటారు కదా. అందుకే ఒకసారి వద్దన్నాను. మీరు వెంటనే పని మొదలుపెట్టారు. పని ముగిశాక తినడం మీ పద్ధతేమో అనుకున్నాను."

"మా అమ్మా ఇదే మాట అంటుంది, పిలవగానే కూర్చోవద్దని" అంది సూర్యకుమారి.

"మీ అమ్మగారు ఒసాకాలోనా?" అన్నారు నిషిమురా. అది హాస్యమని తెలియడానికి వాళ్లకు కొంచెంసేపు పట్టింది.

తర్వాత ఆయన గొంతు మారింది. "ఆఖరి పరీక్షలో తెర మీద ఏం చూశానో నాకు గుర్తు లేదు. చూడనిదానికి సంతకం పెట్టను. రేపు ఉదయం నుంచి అన్నీ మళ్లీ చూపించాలి. ఫలితం ఎట్లా ఉంటే అట్లా రాస్తాను. ఇవాళ జరిగినదానికి అందులో చోటు ఉండదు."

"అలాగే" అన్నాడు పార్థసారథి.

"రైల్లో సంగతి మా ఆఫీసుకు తెలియకూడదు."

"ఏ సంగతి?" అన్నాడు పార్థసారథి.

మర్నాడు సూర్యకుమారి ఆఫీసుకు వచ్చేసరికి ఆమె కీబోర్డు మీద రెన్యువల్ కాగితం ఉంది. మేనేజర్ సంతకం ఉండాల్సిన చోట పార్థసారథి సంతకం చేసి ఉంది. అతను కంప్యూటర్లోంచి తల ఎత్తలేదు. "పని వస్తేనే అది చెల్లుతుంది. రాకపోతే నా కాగితమూ చెల్లదు. పదండి, ఆయన వచ్చేశాడు."

పొద్దున పరీక్షల్లో ఒక తప్పు దొరికింది. నిషిమురా దాన్ని రాసుకున్నారు. ఇంకోటి దొరకలేదు. ఆఖరి పరీక్ష మిగిలి ఉండగా పన్నెండయింది. డబ్బాలు వచ్చాయి. నిషిమురా అప్పటికే ఒకసారి వాష్‌రూమ్‌కు వెళ్లి వచ్చారు.

పార్థసారథి లేచి నిలబడ్డాడు. "భోజనం సిద్ధంగా ఉంది. తీసుకుంటారా?"

"నా కోసం పని ఆపకండి" అన్నారు నిషిమురా. అనేశాక, తను ఏమన్నదీ తనకే వినిపించినట్టు బల్ల వైపు చూశారు.

బాలు తన డబ్బా మీద చెయ్యి వేసి కూర్చున్నాడు.

"పని ఎక్కడికీ పోదు" అన్నాడు పార్థసారథి. "రండి, కూర్చోండి."

"ముందు ఇది పూర్తి చేద్దాం."

పార్థసారథి సూర్యకుమారి వైపు చూశాడు. ఆమె లేచి కంప్యూటర్ తెర ఆపేసింది. ఆయన డబ్బా మూత తీసి పుల్లలు పక్కన పెట్టింది. తన కుర్చీ ఆయన కుర్చీ పక్కకు లాక్కుని, తన డబ్బా కూడా తెరిచింది.

"లేవండి" అంది. "చెయ్యి కడుక్కుని రండి."