మొదటి బుట్ట పడేదాకా

టిల్డన్ కాలేజీ బాస్కెట్‌బాల్ ఆటకి వెళ్ళినవాళ్ళు వెళ్ళగానే కూర్చోరు. రిఫరీ బంతిని పైకెగరేసినప్పుడు లేచినవాళ్ళు, తమ జట్టు పిల్లల్లో ఎవడో ఒకడు దాన్ని బుట్టలో వేసేదాకా నిలబడే ఉంటారు. ఈ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఇండియానాలో ఆ మూల ఉన్నవాళ్ళకి అది చర్చిలో లేచి నిలబడడం లాంటిదే. ఎందుకని అడిగేవాడు ఉండడు.

మంచి రోజుల్లో దానికి పెద్ద కష్టం ఉండేది కాదు. లేచి, కోటు విప్పి కుర్చీకి తగిలించేలోపే బుట్ట పడేది. ఈ రెండేళ్ళుగా అలా లేదు. పిల్లలు బంతిని బయటే అటూ ఇటూ తిప్పుతారు, తిప్పి తిప్పి విసురుతారు, అది ఇనుప రింగుకి తగిలి వెనక్కొస్తుంది. పైన జనం కాళ్ళు మార్చుకుంటూ నిలబడి ఉంటారు.

"మన కోచ్ మోకాళ్ళ డాక్టరుతో వాటా పెట్టుకున్నాడు" అన్నాడు ఒకసారి డ్వైట్ పోగ్. అతను ఊరి ధాన్యం గోదాము నడుపుతాడు. చుట్టూ ఉన్న నాలుగు వరుసలవాళ్ళూ నవ్వారు. లోవెల్ క్రిట్జర్ మాత్రం నవ్వలేదు. నలభై ఏళ్ళుగా ట్రాక్టరు ఎక్కి దిగిన మోకాళ్ళు అతనివి.

లోవెల్ సీటు టిల్డన్ బెంచీకి సరిగ్గా వెనక, రెండో వరుసలో. పక్కన భార్య ఆర్లీన్, అటు పక్కన డ్వైట్. పొలంలో నోరు మెదపని మనిషి, వాకిట్లోకొచ్చిన ఎరువుల ఏజెంటుకి రెండు మాటలకన్నా ఎక్కువ చెప్పని మనిషి, ఇక్కడికొచ్చేసరికి గొంతు చించుకునేవాడు. అరిచేది ఎప్పుడూ ఒక్కటే మాట.

"లోపలికియ్యి! లోపలికియ్యవయ్యా బంతి!"

లోపలంటే జెరోమ్ దగ్గరికి. గేరీ పట్నం నుంచి వచ్చిన పొడుగాటి కుర్రాడు. బుట్ట కింద నిలబడి చెయ్యెత్తితే అతనికి అడ్డమొచ్చేవాడు ఆ లీగులోనే లేడు. అలాంటివాణ్ణి కోచ్ రెనిక్ బయట నిలబెట్టి, బక్కపలచని పిల్లలతో దూరం నుంచి విసిరిస్తాడు. పెద్ద ట్రాక్టరుని షెడ్డులో పెట్టి, పెరడు దున్నే దాంతో నలభై ఎకరాలు దున్నినట్టుందని లోవెల్‌కి కడుపు మండిపోయేది. దానికి తోడు ఆఖరి నిమిషాలు. చేతిలోకొచ్చిన ఆటని ఎన్నిసార్లు వదిలేశారో! ముందంజలో ఉండగానే రెనిక్ లేచి, నెమ్మది, నెమ్మది అని అరచేత్తో చూపిస్తాడు. అంతే, పిల్లల కాళ్ళు చల్లబడిపోతాయి.

బుధవారం ఆట కూడా అలాగే పోయింది. మర్నాడు పొద్దున్న కఫేలో మెత్తటి బిస్కెట్ రొట్టెలూ గ్రేవీ ముందు పెట్టుకుని డ్వైట్ తన ఆలోచన బయటపెట్టాడు.

"అరిచాం. వినలేదు. పేపరుకి రాశాం. వినలేదు. శనివారం మన జిమ్ములో ఆఖరి ఆట. లేవొద్దు."

"లేవకపోవడమేమిటి?" అన్నాడు లోవెల్.

"బంతి ఎగరేసినా కూర్చునే ఉందాం. మన వైపు అంతా. మాట్లాడొద్దు, అరవొద్దు. ఎదర వైపు కాలేజీ ప్రెసిడెంటు కూర్చుంటాడు కదా, చూస్తాడు. వచ్చే నెల రెనిక్‌ని ఉంచాలో పంపాలో తేల్చేది ఆయనే. ఆ రెనిక్కి కూడా తెలిసొస్తుంది, ఈ ఊరికి తనమీద ఎంత ప్రేమ మిగిలిందో."

లోవెల్ కాఫీలో చెంచా తిప్పాడు.

"నీకు చెప్పడం ఎందుకంటే," అన్నాడు డ్వైట్, "నేను కూర్చుంటే డ్వైట్‌కి ఒళ్ళు బద్ధకం అనుకుంటారు. నువ్వు కూర్చుంటే మన వైపంతా కూర్చుంటారు. నువ్వు లేస్తే లేస్తారు. అదీ సంగతి."

అది నిజమే. లోవెల్‌కి తెలుసు. ఆ మాట విన్నాక ఛాతీ కాస్త వెడల్పయిందని కూడా తెలుసు. రెనిక్ వెళ్ళిపోవాలని అతనికీ ఉంది. అందులో అనుమానం లేదు.

"సరే" అన్నాడు.

ఇంటికెళ్ళి చెబితే ఆర్లీన్ గిన్నెలు తుడుస్తున్నదల్లా ఆగింది. "మనం వెళ్ళేది ఆట చూడ్డానికా, అలగడానికా?"

"ఆయనకి ఇంకెలా చెప్తాం?"

"నోటితో" అంది ఆర్లీన్, మళ్ళీ గిన్నె అందుకుంటూ.

శనివారం మధ్యాహ్నం కాలేజీ జిమ్ము నిండింది. బయట మంచు కరిగి బురదైపోవడంతో మెట్లన్నీ బూట్ల మట్టి. ఆఖరి ఏడు చదివే పిల్లల్ని ఆటకి ముందు ఒక్కొక్కణ్ణే పిలిచి, తల్లిదండ్రులతో కోర్టు మధ్యకి నడిపిస్తారు. తల్లికి ఒక పువ్వు ఇస్తారు. జెరోమ్ వంతు వచ్చినప్పుడు అతని భుజం దాకా కూడా రాని ఒకావిడ, నీలం కోటు వేసుకుని, కొడుకు చెయ్యి రెండు చేతులా పట్టుకుని నడిచింది. మిసెస్ గెయిన్స్ అని మైకులో చెప్పారు. ఆసుపత్రి వంటగదిలో పని, శని ఆదివారాలు సెలవు దొరకదు, ఈ నాలుగేళ్ళలో ఇక్కడికి రావడం ఇదే మొదటిసారి. ఈ సంగతులన్నీ ఆవిడ లోవెల్ ముందు వరుసలో వచ్చి కూర్చున్నాక ఆర్లీన్ రాబట్టింది. ఎవరి దగ్గరైనా రాబట్టగలదు ఆర్లీన్.

"బస్సులో వచ్చారా? ఇంత దూరం?"

"రెండు బస్సులు మారానమ్మా. ఫరవాలేదు, కిటికీ పక్క సీటే దొరికింది."

బంతి పైకి లేచింది.

మిసెస్ గెయిన్స్ లేచి నిలబడింది. ఆవిడ వెనక ఎవరూ లేవలేదు. లోవెల్ రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. పై వరుసలవాళ్ళు అతని వీపు చూశారు, వాళ్ళూ కూర్చున్నారు. మాట పాకినట్టే ఉంది. ఆ వైపంతా, ఈ చివర నుంచి ఆ చివరకి, గోదాములో బస్తాలు పేర్చినట్టు జనం కదలకుండా ఉండిపోయారు. ఎదర వైపు లేచినవాళ్ళు కూడా ఇటు చూసి, ఏమైందో తెలియక కొందరు కూర్చున్నారు. నేల మీద బూట్లు కిర్రుమనే చప్పుడు అంత స్పష్టంగా ఆ జిమ్ములో ఎప్పుడూ వినపడలేదు.

డ్వైట్ మోచేత్తో పొడిచాడు. "ఎలా ఉంది?"

లోవెల్ తల తిప్పలేదు. ఆట చూస్తున్నాడు. టిల్డన్ పిల్లలు విసిరారు, పోయింది. మళ్ళీ విసిరారు, పోయింది. అవతలివాళ్ళు రెండు వేశారు. జెరోమ్ వెనక్కి పరుగెడుతూ తలెత్తి ఇటువైపు చూశాడు. ముందు తల్లిని చూశాడు. తరవాత ఆవిడ వెనకున్న జనాన్ని చూశాడు. ఆ చూపులో కోపం లేదు. తాను చేసిన తప్పేమిటో గుర్తు తెచ్చుకుంటున్నవాడి మొహం అది. ఆ క్షణంలో తాను కాయాల్సినవాడు పక్కనుంచి దూసుకుపోయి ఇంకోటి వేశాడు.

అతనొక్కడే కాదు. లోవెల్ వరసగా గమనించాడు. అయిదుగురూ, ఇటు తిరిగినప్పుడల్లా ఒకసారి పైకి చూస్తున్నారు.

మిసెస్ గెయిన్స్ వెనక్కి తిరిగింది. పువ్వు ఇంకా చేతిలోనే ఉంది.

"ఏమ్మా," అంది ఆర్లీన్‌తో, గొంతు తగ్గించి, "మా అబ్బాయి ఫోనులో ఎప్పుడూ చెప్తూంటాడు, ఇక్కడ మొదటిది పడేదాకా అందరూ నిలబడే ఉంటారని. ఎంత గొప్పగా చెప్తాడో! నేను అవతలివాళ్ళ వైపుకి గాని వచ్చి కూర్చున్నానా?"

ఆర్లీన్ తిరిగి లోవెల్ వంక చూసింది. "ఈయన్ని అడగండి" అంది.

లోవెల్ ఆవిడ మొహం చూడలేకపోయాడు. చూపు తిప్పుకుంటే కింద రెనిక్ కనిపించాడు. కనిపించింది అతని వీపు. చేతులు కట్టుకుని, బూడిద రంగు కోటులో, నడినెత్తి మీద పలచబడిన జుట్టుతో నిలబడి ఆట చూస్తున్నాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. ఎందుకు తిరుగుతాడు? కోచ్ అన్నవాడు జనానికి వీపు పెట్టి, ఆటకి మొహం పెట్టి నిలబడతాడు. తాము కూర్చున్నారో లేచారో అతనికి తెలియనే తెలియదు. ఈ జిమ్ములో ఇటు మొహం పెట్టి పరుగెత్తేది ఆ అయిదుగురు పిల్లలు మాత్రమే.

ఇన్నేళ్ళుగా కూర్చుంటున్న సీటు. ఈ పాటి సంగతి తట్టలేదు.

ముందు సీటు పట్టుకుని లోవెల్ లేచాడు. మోకాళ్ళు టక్కుమన్నాయి.

"లోవెల్!" డ్వైట్ అతని చొక్కా పట్టుకు లాగాడు. "ఏం చేస్తున్నావయ్యా? కూర్చో!"

"నా మోకాళ్ళు, నా ఇష్టం."

"అందరం అనుకున్నాం కదా! మాటంటే మాట కదా!"

"అనుకున్నాం. అదే తప్పు. ఆయన చూడట్లేదు డ్వైట్. చూసేది పిల్లలు."

"ప్రెసిడెంటు చూస్తున్నాడు కదా!"

"ఆయనకి నోరుంది, చెవులున్నాయి. వెళ్ళి చెప్పు."

ఆర్లీన్ అప్పటికే లేచి నిలబడి మిసెస్ గెయిన్స్ చెయ్యి పట్టుకుని ఉంది. వెనక కొందరు లేచారు. అందరూ లేవలేదు. డ్వైట్ లేవలేదు. చేతులు కట్టుకుని, మొహం ఎర్రగా చేసుకుని, లోవెల్ నడుము అడ్డం రావడంతో ఆట కనపడక పక్కకి వంగి చూస్తూ కూర్చున్నాడు. "పిరికి గొడ్డు" అన్నాడు, వినపడేలా. స్కూలు బస్సులో మొదలైన స్నేహం వాళ్ళది. లోవెల్‌కి చెవులు వేడెక్కాయి. అయినా కూర్చోలేదు.

బుట్ట అప్పుడు కూడా పడలేదు. అంత తేలిగ్గా ఏదీ జరగదు. ఇంకా చాలాసేపటికి కేలబ్ అనే పొట్టి కుర్రాడు, మూల నుంచి, పడుతుందని తనకే నమ్మకం లేనట్టు విసిరితే పడింది. నిలబడ్డవాళ్ళు కూర్చున్నారు. ఆ తరవాత ఆట మామూలు ఆటే. లోవెల్ మామూలుగానే అరిచాడు. రెండుసార్లు బంతి లోపలికెళ్ళింది, జెరోమ్ రెండూ వేశాడు. మూడోసారి ఇద్దరు మీద పడితే బంతి పోగొట్టాడు. ఆఖర్న మూడు పాయింట్లు ముందుండగా రెనిక్ లేచి నెమ్మది, నెమ్మది అని అరచెయ్యి ఊపాడు. ఓడిపోయారు.

జనం బురద మెట్ల మీదుగా దిగిపోతున్నారు. డ్వైట్ వెళ్తున్నానని కూడా చెప్పకుండా వెళ్ళిపోయాడు. లోవెల్ టోపీ చేత్తో పట్టుకుని బెంచీ దగ్గరికి నడిచాడు. అన్నేళ్ళలో ఆ రెండు వరుసలు దాటి అతను కిందికి దిగడం అదే మొదలు.

రెనిక్ పిల్లలు వదిలేసిన తువాళ్ళు ఏరి బుట్టలో వేస్తున్నాడు.

"కోచ్‌గారూ. నా పేరు లోవెల్ క్రిట్జర్. రెండో వరుస."

రెనిక్ తలెత్తాడు. గొంతు విని గుర్తుపట్టాడు. "లోపలికియ్యి అనే ఆయన మీరేనా? మీ మొహం ఇదన్నమాట!"

"నేనే."

"ఇవాళ మొదట్లో మీ అరుపు లేకపోతే చెవులకేదో అయిందనుకున్నాను. టైమవుట్ విరామంలో పిల్లలు చెప్పారు, పైన అందరూ కూర్చున్నారని. ఎందుకు కోచ్, మేమేం చేశాం అని అడిగాడు కేలబ్. నాకేం చెప్పాలో తెలియలేదు."

"అది మీకు తగలాలని" అన్నాడు లోవెల్. "వాళ్ళకి తగిలింది. అది పొరపాటు. అందుకే దిగొచ్చాను. మీకు చెప్పాల్సింది మీకే చెప్దామని." టోపీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మారింది. "వచ్చే ఏడు మీరిక్కడ ఉండకూడదని నా ఉద్దేశం."

రెనిక్ చేతిలో తువాలు అలాగే ఉండిపోయింది. కోప్పడతాడనుకున్నాడు లోవెల్. కోప్పడలేదు.

"ఎందుకో చెప్పండి" అన్నాడు.

అరిచి అరిచి అలవాటైన మనిషికి నెమ్మదిగా చెప్పడం కష్టమైంది. "ముందుంటే మీరు భయపడతారు. ఆ భయం పిల్లలకి తెలుస్తుంది. ఆఖరి నిమిషాల్లో వాళ్ళు బంతి వంక చూడరు, మీ చేతి వంక చూస్తారు."

రెనిక్ ఆ తువాలు మడతపెట్టాడు. "మా ఆవిడ కూడా ఇదే అంటుంది" అన్నాడు. "మరి జెరోమ్ సంగతి?"

"లోపలికివ్వాలి."

"ఇస్తే ఇద్దరు మీద పడతారు. అప్పుడు ఖాళీగా ఉన్నవాడికి బంతి తిరిగిచ్చెయ్యాలి. ఇవాళ చూశారుగా. నాలుగేళ్ళుగా చెప్తున్నాను, నేర్పలేకపోయాను." తువాలు బుట్టలో పడేశాడు. "వాడు నేర్చుకోలేక కాదు. నేను నేర్పలేక."

లోవెల్ దానికి సిద్ధపడి రాలేదు. తప్పు తనదే అనేవాడి మీద ఏమని అరుస్తాం?

"ప్రెసిడెంటుగారు అడిగితే నేను ఇదే చెప్తాను" అన్నాడు, మొండిగానే.

"చెప్పండి" అన్నాడు రెనిక్. చెయ్యి చాచాడు. లోవెల్ అందుకున్నాడు. ఆ చెయ్యి చెమటతో తడిగా ఉంది.

బయట ట్రక్కులో ఆర్లీన్ మధ్యకి జరిగి, కిటికీ పక్కన మిసెస్ గెయిన్స్‌ని కూర్చోబెట్టుకుంది. బస్సు స్టాండుదాకా దింపుతామని మాటిచ్చేసిందట. లోవెల్ ఎక్కి ఇంజను వేశాడు.

"చెప్పావా?" అంది ఆర్లీన్.

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"ఎందుకో చెప్పమన్నాడు."

ఎవరు, ఏమిటని మిసెస్ గెయిన్స్ అడగలేదు. ఊరి చివర మొక్కజొన్న కోసేసిన పొలాలు మొదలయ్యాక, కిటికీలోంచి బయటికి చూస్తూ తనంతట తనే అంది. "మా వాడికి ఆ కోచ్ అంటే ప్రాణమండీ. మొదటి ఏడు ఇంటికొచ్చేస్తానని ఏడ్చాడు. ఆయనే నాకు ఫోను చేసి, పంపకండి, నేను చూసుకుంటానన్నాడు. చూసుకున్నాడు. ఈ వేసవిలో పట్టా తీసుకుంటాడు మా వాడు."

ప్రెసిడెంటు అడిగితే ఆ ఆఖరి నిమిషాల సంగతి చెప్పాల్సిందే. అందులో మార్పు లేదు. కానీ ఇప్పుడు ఈ సంగతి కూడా చెప్పాలి. రెండూ ఒకే మనిషి గురించి, ఒకే నోటితో ఎలా చెప్పాలా అని ఆలోచిస్తూ, బురద గుంటలు తప్పించుకుంటూ లోవెల్ మెల్లగా నడిపాడు.